ఎండిన బావి మాట ఎవరిది?

మా టీచరమ్మ పోయారని నేను విరుదునగర్ బస్సులో ఉండగా ఫోను వచ్చింది. కోవిల్‌పట్టి కాలేజీలో మాకు వ్యాసాలు రాయడం నేర్పిన మనిషి. వెంటనే ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆమెకు చెప్పకుండా పదిహేనేళ్ళుగా దాచిన అబద్ధం ఒకటి నా దగ్గరుంది.

టీచరమ్మ క్లాసులో తమిళం మాట్లాడేవారు, వరండాలోకి రాగానే మా ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులోకి దిగేవారు. పుస్తకంలోంచి తీసుకున్న వాక్యానికి కొటేషన్ గుర్తులు పెట్టి, కింద రచయిత పేరు, పేజీ నంబరు రాయకపోతే కాగితం వెనక్కి వచ్చేది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే మా తల్లుల మాటలకూ అదే మర్యాద. ఎవరన్నారో, ఏ ఊళ్ళో, ఏం పని చేస్తూ అన్నారో రాయాలి. "అచ్చులో ఉండేదే మాటా? మీయమ్మది మాట కాదా? పేరు రాయి పిల్లా" అనేవారు. దిద్దడానికి పెన్సిలే వాడేవారు. తప్పు సరి చేసుకున్నాక దాని మచ్చ ఉండకూడదని ఆమె వాదన.

ఒకసారి మెట్టసేద్యం మీద వ్యాసపోటీ పెట్టారు. నాది చప్పగా ఉంది. తోచిందేదో అల్లి, చనిపోయిన మా అవ్వ నోట్లో పెట్టాను: "ఎండిన బావిలోకి వంగి చూడొద్దు, అది నీ పేరు అడుగుతాది." కింద అవ్వ పేరు, నరికుడి పక్కనున్న మా ఊరి పేరు బుద్ధిగా రాశాను. చచ్చినవాళ్ళు లేచొచ్చి కాదంటారా అని నా ధీమా.

టీచరమ్మ వదిలితే కదా. "బతికుండే మనిషి ఒకరు ఒప్పుకుంటేనే ఆ మాట కట్టురైలో, అదే నీ వ్యాసంలో, ఉంటాది. పోదాం రా" అని ఆదివారం నన్ను బస్సెక్కించారు. ఊళ్ళో మా అవ్వ చెల్లెలు ఒక్కతే మిగిలింది. చూపు పోయింది, వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

టీచరమ్మ ఆ మాట సగమే అన్నారు. "ఎండిన బావిలోకి వంగి చూడొద్దు అనేదంట గదవ్వా మీయక్క?"

చిన్నవ్వ చేతులు ఆగాయి. "అది నీ పేరు అడుగుతాది" అంది. "అడిగినా చెప్పకూడదు. మాయక్క చెప్పింది" అని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

ఆ మాట నేనెక్కడా వినలేదు, ఒట్టు. హాస్టల్లో కూర్చుని నా బుర్రతో అల్లిన వాక్యం అది. టీచరమ్మ మాత్రం చిన్నవ్వ పేరు కూడా కింద చేర్పించి, "ఇప్పుడు నిలబడతాది" అన్నారు. బహుమతి నాకే వచ్చింది. ఇవాళ నలుగురు పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆమె చలవే. నిజం చెప్పాలని చాలాసార్లు ఆమె ఇంటిదాకా వెళ్ళాను. నేనే అల్లానని చెప్పాలా, అల్లలేదేమోనని చెప్పాలా? ప్రతిసారీ గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను.

టీచరమ్మను ఆమె ఇంటి ముందు షామియానా కింద, అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. కళ్ళజోడు లేక ఎవరో కొత్త మనిషిలా ఉన్నారు. జనం కాఫీకి లేచినప్పుడు అద్దం మీదికి వంగాను.

"టీచర్, ఆ మాట మాయవ్వ చెప్పలా. నేనే అల్లినా. ఎవురిదో ఇప్పుడు నాకే తెల్దు. మన్నించండి."

అద్దం మసకబారి ఆమె ముఖం కనబడకుండా పోయింది. నా ఊపిరే అనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. గట్టిగా తుడిచాను. ఆవిరి లోపలివైపు ఉంది.