చిన్నాయన గొంగడి

మొన్న కీసర నుంచి సికింద్రాబాద్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గొంగడి మంచుకు తడిసి ఉంది. తడి ఉన్ని, బీడీ పొగ, ఎక్కడో అడుగున చెరువు నీచు కలిసిన ఆ వాసన తగలగానే నాకు మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. దిగాల్సిన స్టాపు వచ్చినా లేవలేకపోయాను.

శామీర్‌పేట చెరువుకట్ట కింద మాకు రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. కిటికీలకు అద్దాలెక్కడివి, ఊచలూ, వానకు ఉబ్బి ఎండకు వంకర తిరిగిన చెక్క రెక్కలే. కార్తీకం వచ్చి చెరువు మీది గాలి ఇంట్లోకి జొరబడగానే మా అవ్వ, అంటే నాయినను కన్న తల్లి, గోనెసంచులు ఉతికి ఆరేసి, రెండేసి సంచుల నడుమ వరిగడ్డి పలచగా పరిచి, దబ్బనంతో కుట్టి కిటికీలకు కట్టేది. పొయ్యి మీద అనపగింజల గుడాలు ఉడుకుతుంటే, మేము గడ్డిలో దొరికిన వడ్లగింజలు ఒలిచి నములుతూ అవ్వకు పురికొస అందించేవాళ్లం. కిటికీలు మూసుకున్నాక ఇంట్లో పగలే మసక. ఆ మసకలో దాగుడుమూతలాడితే ముందు దొరికిపోయేది నా చెల్లె సుగుణే. ఎంత ఒదిగి దాక్కున్నా ఛాతీలోని పిల్లికూతలు దాన్ని పట్టిచ్చేవి.

చలి తగిలితే సుగుణకు ఊపిరాడేది కాదు. పెదవులు నల్లబడి, మెడ నరాలు తేలి, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. చలికాలం వస్తుందంటే చాలు, ఈ పిల్ల నాకు దక్కుతుందా అని అమ్మ గుండె చిక్కబట్టుకునేది. ఒక ఏడు చెరువువైపు కిటికీకి కట్టిన గోనెను ఎలుకలు కొరికి పీలికలు చేశాయి. ఇంట్లో ఇంకో సంచి లేదు.

అప్పుడు అవ్వ వడ్ల గుమ్మి వెనక నుంచి ఒక నల్ల గొంగడి తీసి దులిపింది. అది మా చిన్నాయన మల్లేశ్‌ది. అంతకుముందు చలికాలంలో తెల్లారగట్ల వల తీయడానికి పోయి, తెప్ప బోల్తాపడి, చన్నీళ్లలో కాళ్లూ చేతులూ కొంకర్లు పోయి మునిగిపోయాడు. తడుస్తుందని గొంగడి మాత్రం కట్ట మీదే విడిచివెళ్లాడు. పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు, ఊరి బయట వదిలేయాలి. అవ్వ అందరి ముందు ఒక పాత దుప్పటి వదిలి, గొంగడి దాచుకుంది.

“సచ్చినోని గొంగడి పిల్ల తలాపున కడ్తవా అత్తా? వాడు పిల్లను తీస్కపోతడు,” అంది అమ్మ.

“నా కొడుకు సలికే పోయిండు. సలంటే ఏందో వానికి ఎరుకే. రానియ్యడు,” అని అవ్వ మేకులు కొట్టింది.

గాలి వీచినప్పుడల్లా ఆ గొంగడి లోపలికి ఉబ్బేది, అవతల ఎవరో భుజం ఆనించి నిలబడ్డట్టు. మంచు కురిస్తే చిన్నాయన వాసన గదంతా నిండేది. నాకు చచ్చేంత భయం. అటు తిరిగి పడుకునేదాన్నే కాదు. సుగుణ మాత్రం దాని కిందే కళ్లు గట్టిగా మూసుకుని పడుకునేది. మెల్లమెల్లగా పిల్లికూతలు తగ్గాయి. ఉన్ని గాలిని ఆపిందని ఇప్పుడు అనగలను, అప్పుడు మా ఇంట్లో ఎవరూ అలా అనుకోలేదు. నాలుగిళ్ల అవతలి మనిషి కూడా కనబడనంత మంచు కురిసిన ఒక పొద్దున, పొయ్యి రాజేస్తున్న అమ్మ లేచివెళ్లి, జారిన గొంగడి మూలను మేకుకు తగిలించడం చూశాను.

“మల్లేశ్, జర గట్టిగ నిలబడు బిడ్డా. పిల్లకు సలి పెడ్తాంది,” అంది మెల్లగా.

అవ్వ పోయినప్పుడు ఆ గొంగడి ఆమె మీదే కప్పి పంపాం. తర్వాత అమ్మా పోయింది. మా ఇల్లున్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి, గోనెసంచుల స్థానంలో ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, గొంగళ్లు నేసేవాళ్లు మా వైపు ఎక్కడా కనబడరు.

సుగుణ కౌకూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటోంది. అద్దాల కిటికీలకు చలి ఆగాలని అస్తరు వేసిన మందపాటి కర్టెన్లు కట్టించుకుంది. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి కర్టెన్ వెనక అద్దం కొద్దిగా జరుపుతోంది. ఈ చలిలో అదేం పని అని కోప్పడ్డాను.

“చిన్నప్పుడు నాకు నీకన్న ఎక్కువ భయమైతుండె అక్కా. కండ్లు తెరిస్తే చిన్నాయన పోతడు, ఆయనెంట నా ఊపిరి గూడ పోతదని మూసుకొని పంటుంటి,” అంది.

చల్లగాలి మా పాదాలకు తగిలింది. బరువైన కర్టెన్ మాత్రం కదల్లేదు. అది గొంగడిలా లోపలికి ఉబ్బుతుందేమోనని సుగుణ చూసింది.

“ఇగ రాడు,” అని అద్దం మూసింది. అప్పటికే దాని ఛాతీలో పిల్లికూత మొదలైంది.