చెవి దగ్గర ఊపిరి

ఒక తల క్రాఫు పూర్తయ్యేసరికి మాస్టారు ఆయాసంతో ఏడుసార్లు చేతులు దించాడు. అద్దంలో చూస్తూ లెక్కపెట్టింది బావమరిది. సెలూన్ ఇద్దరిదీ. ఉన్నవి రెండు కుర్చీలు. ముప్పయ్యారేళ్లుగా రెండోది మాస్టారిది.

"బావా, ఆయన క్రాఫుకొచ్చాడా, నీ ఆయాసం చూడ్డానికొచ్చాడా?" అన్నాడు బావమరిది, కస్టమరు మెట్లు దిగాక. "ఒకటో తారీఖు దాకా ఆగుతా. ఆ రోజు నా తలే నీకిస్తా. మూడుసార్లకి మించి చేతులు దించావో, కత్తెర పక్కనపెట్టి కౌంటర్లో కూర్చోవాలి. కుర్చీకి వేరే మనిషిని చూస్తా."

"పొద్దస్తమానం నీ మొహం చూస్తూ కూర్చోనా? దానికంటే ఆయాసమే నయంరా."

మాస్టారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆరేళ్లయింది. సిగరెట్లు మానేసి ఐదేళ్లు. కొత్తగా మొదలైంది మెడ బాధ. చెవి కింది నుంచి భుజం దాకా కండ బిగుసుకుపోయింది. క్రాఫు అయ్యాక ప్రతి కస్టమరుకీ బొటనవేళ్లతో మెడ నొక్కి పంపడం ఆయన పద్ధతి. ఏ మెడ ఎంత బిగిసిందో ఆ వేళ్లకే తెలుసు. తన మెడకూ అదే వైద్యం అనుకున్నాడు. మూడు నెలలు రోజూ మధ్యాహ్నం బావమరిది చేత నొక్కించుకున్నాడు. చర్మం కమిలింది గానీ కండ సడలలేదు.

ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి పెన్నులాంటి పరికరాన్ని ఆయన మెడకు ఆనించింది. అది టకటకమని నాలుగు దెబ్బలు కొట్టి కండ బిగువెంతో అంకె చూపింది: మూడు వందల పన్నెండు.

"ఇది నా బొటనవేలు ఎప్పుడో చెప్పిందమ్మా. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు."

"ఎందుకు బిగిసిందో చెప్పిందా బాబాయ్‌గారూ?" అందామె. "మీ ఛాతీలో పాతగాలి పూర్తిగా బయటికి పోవడం లేదు. కొత్తగాలి కోసం ఈ మెడ కండలే పక్కటెముకల్ని పైకి లాగుతున్నాయి. మీరు చేతులెత్తితే ఆ బరువూ వీటి మీదే. పని మానని కండని ఎంత నొక్కితే ఏం లాభం? ఏదీ, మీరు క్రాఫు ఎలా చేస్తారో చూపించండి."

జేబులోని దువ్వెన తీసి ఆమె తల చుట్టూ గాలిలో ఆడించాడు. చెవి దగ్గరికి రాగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఊపిరేదీ?"

"చెవి దగ్గర పీలిస్తే చెయ్యి కదులుతుంది. పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు."

"ఆయన ఊపిరితిత్తులకి అది సరిపోయింది. మీవాటికి సరిపోదు. బిగబట్టొద్దు, మెల్లగా వదలండి."

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాడు. రెండు చేతుల్లో అరలీటరు నీళ్ల సీసాలు. వేడిపాలు ఊదినట్టు మూతి ముడిచి, గాలి వదులుతూ పైకెత్తాలి. మొదటిరోజు ఆరుసార్లకే కూలబడ్డాడు. మూడోవారానికి ఇరవైకి చేరాడు. సెలూన్లో మోచేతిని కుర్చీ వీపుకు ఆనించి కత్తిరించడం నేర్చుకున్నాడు. అన్నిటికంటే కష్టమైంది చెవి. కత్తెర అక్కడికి పోగానే ముప్పయ్యారేళ్ల అలవాటు ఊపిరి బిగబట్టించేది. ఒకసారి గట్టిగా వదిలేస్తే కస్టమరు ఉలిక్కిపడి, "ఈల వేస్తున్నావేంటయ్యా? పాటేదో చెప్పు, నేనూ అందుకుంటా," అన్నాడు.

నెలాఖరున పరికరం మూడు వందల తొమ్మిది చూపింది.

"ఇంత చేస్తే మూడా తగ్గింది?"

"అది పెద్దగా తగ్గకపోవచ్చు బాబాయ్‌గారూ. చేతులెన్నిసార్లు దించుతున్నారు?"

"నాలుగు."

"మరి అది లెక్కకాదా?"

ఒకటో తారీఖున బావమరిది రెండో కుర్చీలో కూర్చుని మెడకు గుడ్డ తనే చుట్టుకున్నాడు. "జాలిపడి తక్కువ లెక్కేస్తాననుకోకు."

"నీ జాలి నాకెందుకురా? తల కదపకు."

వెనకభాగం అయ్యేసరికి ఒకటి. కుడిచెవి దాటాక రెండు. నడినెత్తి మీద మూడు. ఇక ఎడమచెవి మిగిలింది. మాస్టారు మోచెయ్యి ఆనించి, మూతి ముడిచి, గాలి వదులుతూ కత్తెర కదిలించాడు. అద్దంలో బావమరిది కళ్లు ఆ చేతిమీదే ఉన్నాయి. ఊపిరి అయిపోయింది. కత్తెర ఆపాడు గానీ చెయ్యి దించలేదు. మళ్లీ పీల్చుకుని, మళ్లీ వదులుతూ చెవి చుట్టూ పూర్తిచేశాడు.

బావమరిది గోడ గడియారం చూశాడు. "ముప్పై మూడు నిమిషాలు. ఇదివరకు ఇరవై పట్టేది."

"దించింది చెప్పు."

"మూడు." చెవి తడుముకున్నాడు. "ఇటుపక్క కాస్త పొడుగున్నట్టుంది బావా."

"నీ తలే వంకర," అని మాస్టారు గుడ్డ దులిపి, బెంచీమీద ఉన్నాయన్ని రెండో కుర్చీలోకి పిలిచాడు.