వసారా అంచున నిప్పుల కుండ

నా చిన్నప్పుడు మా కొండ మీద అగ్గిపెట్టె ఉన్నా లేనట్టే. వారానికోసారి అరకు సంతలో కొని తెచ్చిన పెట్టె వానాకాలంలో బేగి చెమ్మ పట్టేది, పుల్ల గీస్తే మందు ఊడి చేతికొచ్చేది. అందుకని పొయ్యి ఆరిపోయిన వాళ్ళు ఇరుగింటికో పొరుగింటికో వెళ్ళి నాలుగు నిప్పులు తెచ్చుకునేవాళ్ళు. ఎక్కువమంది వచ్చేది మా ఇంటికే. నిప్పును కాపాడటంలో మా నాయనమ్మ అంత మొండిది ఊళ్ళో లేదు. పెద్ద దుంగ రాజేసి, ఆ నిప్పుల్లో కొన్నిటిని మూతి విరిగిన కుండలో వేసి, పైన బూడిద కప్పి, పొద్దు వాలేసరికి వసారా అంచున పెట్టేది. కావలసినవాళ్ళు మమ్మల్ని లేపకుండా తీసుకుపోవచ్చు. ఊరంతా దాన్ని తమ సొంత కుండలాగే చూసేది.

ఒక ఏడు చైత్రంలో, ఊళ్ళోనే ఉన్నా, మాకు ఆ ఊరు లేకుండా పోయింది.

మా వైపు విత్తనాల పండగ చేస్తారు. ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు చోళ్ళో సామలో అమ్మవారి దగ్గరికి తీసుకెళ్తే, పూజారి అన్నిటినీ ఒక్కటిగా కలిపి మళ్ళీ ఇంటికింత పంచుతాడు. దాన్ని సొంత విత్తనంలో కలిపి చల్లుకుంటారు. అలా అందరి గింజా అందరి నేలలో పడుతుంది. అంతకుముందే ఏసయ్య ప్రార్థనలో చేరిన మా నాన్న ఆ గుప్పెడు ఇవ్వలేనన్నాడు. తగువు పెట్టుకోలేదు, చేతులు కట్టుకుని తల వంచుకుని చెప్పాడు. అయినా పెద్దలకు కోపం వచ్చింది. మా గింజలో మీ గింజ కలవనప్పుడు మా నిప్పూ నీళ్ళూ మీకు లేవు అని తేల్చేశారు.

మర్నాడు నేను ఊటకు వెళ్తే ఆడవాళ్ళు కడవలు పక్కకు లాక్కున్నారు. నన్ను చంకనేసుకుని తిప్పిన పక్కింటి అక్క కూడా నన్ను చూసి లోపలికి పోయి తడక వేసేసుకుంది. ఆ తడక చప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టే అయింది. ఇంటికొచ్చి ఏడ్చాను. అక్కకి భయమే తప్ప పగ కాదని నాయనమ్మ చెప్పింది గానీ, నాకు రెండూ ఒకేలా తోచాయి.

ఓ సాయంత్రం అక్క మొగుడు వచ్చాడు. బావా అని పిలిచేదాన్ని అతన్ని. భుజాన గొడ్డలి ఉంది. వసారాలో అడుగు పెట్టకుండా వాకిట్లోనే నిలబడి, "మీ మూలాన ఊళ్ళో ఒక్కరికి కీడు తగిలినా ఈ ఇల్లుండదు. సెప్తన్నాను," అన్నాడు. గొడ్డలి మలుపు దాటేదాకా నేను దాన్నే చూశాను.

వానలతో పాటు జ్వరాలు దిగాయి. పొగమంచు ఇళ్ళ మధ్యకి వచ్చి కూర్చుంది, ఒక్కోసారి పగలే పక్కిల్లు కనపడేది కాదు. అమ్మవారి దగ్గర డప్పు మోగుతూనే ఉండేది. ముందు ఒక ఆవు చచ్చింది. తర్వాత ఊరి చివర ముసలాయన పోయాడు. డప్పు ఆగినప్పుడల్లా, మా ఇల్లు కాల్చడానికి ఇప్పుడు బయల్దేరారేమో అనిపించేది నాకు. మా కప్పు గడ్డిది. పైన ఎంత తడిసినా లోపలి గడ్డి పొయ్యి పొగకి ఎండి పెళుసుగా ఉంటుంది. ఒక్క నిప్పు చాలు. అలాంటప్పుడు కూడా మా నాయనమ్మ పొద్దు వాలగానే ఆ కుండ తెచ్చి వసారా అంచున పెట్టేది!

నేనసలే నోరున్న గుంటని. "ఎవులికే అది? మన కప్పు కాల్సడానికి మనమే నిప్పులెట్టి పిలుత్తన్నామా?" అని అడిగేశాను.

నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. అప్పుడప్పుడు ఘాట్ ఎక్కి వచ్చే పాస్టరుగారు చెప్పిన వాటిలో ఒకటే ఆమె మనసుకి పట్టింది. ఏసయ్యను పట్టుకుపోయిన రోజున, కూడా తిరిగినవాళ్ళే పారిపోయారు. ఒకడైతే ఆయనెవరో ఎరగనన్నాడు. చచ్చి లేచాక ఆయన వాళ్ళనే వెతుక్కుంటూ నీళ్ళ ఒడ్డుకి వచ్చి, తెల్లవారే వేళకి నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తినండని పిలిచాడు. "ముందు కూడెట్టాడే గుంటా. నన్నెందుకు ఒగ్గేసినారని అడగనేదు," అంది. ఆయనకి గడ్డికప్పు లేదు, మనకుంది అన్నాను. నా నెత్తిన ఒక్క మొట్టికాయ పడింది, కుండ మాత్రం అక్కడే ఉంది.

తర్వాత జడివాన పట్టింది. పక్కింటి అక్క కొడుకు, పాలు తాగే పిల్లాడు, జ్వరంతో పడ్డాడని అమ్మ ఊట దగ్గర ఎడంగా నిలబడి విన్నది. ఆ మాట వినగానే మా నాన్న ముఖం మాడిపోయింది. పిల్లాడికి మందుబిళ్ళలు దొరుకుతాయేమోనని అమ్మను తీసుకుని ఘాట్ దిగి వెళ్ళాడు. వాన వల్ల ఆ రాత్రికి తిరిగి రాలేదు. నాయనమ్మా నేనూ మిగిలాం. పక్కింటి కప్పులోంచి పొగ రావడం లేదే అని నాయనమ్మ అన్నది. నా భయంలో నేనున్నాను, పట్టించుకోలేదు.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. బయట బురదలో అడుగులు. తడక సందులోంచి చూస్తే మంచులో రెండు కాళ్ళు, పక్కనే వేలాడుతున్న గొడ్డలి. బావ. వంగి మా కుండ మీది బూడిద తీస్తున్నాడు. ఎర్రటి వెలుగు అతని వేళ్ళ మీద పడింది. అయిపోయింది, పిల్లాడు పోయాడు, మమ్మల్ని కాల్చడానికి వచ్చాడు అనుకున్నాను. కేక వేయబోతే వెనకనుంచి నాయనమ్మ నా నోరు మూసింది. నా ముఖాన్ని తన గుండెకి తిప్పి నొక్కి పట్టుకుంది. "సూడకు," అంది చెవిలో. ఆమె గుండె దడదడలాడటం నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడకీ భయమే. గడ్డి కాలే వాసన కోసం గాలి పీలుస్తూ ఎదురుచూశాను. అడుగులు దూరమయ్యాయి. వాసన రాలేదు.

బాగా తెల్లారాక పక్కింటి కప్పులోంచి సన్నగా పొగ లేచింది. అప్పుడు చెప్పింది నాయనమ్మ. జ్వరం తగిలిన ఇంటికి మా ఊళ్ళో ఎవరూ నిప్పు ఇవ్వరు, ఇస్తే ఆ జ్వరం తమ పొయ్యి దాకా వస్తుందని భయం. ఆరిన పొయ్యితో, వణికే పిల్లాడితో వాళ్ళు కూడా మాలాగే వెలిలో ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మమ్మల్ని వెలేసి మా నిప్పే తీసుకుపోయాడని ఊరంతా అరిచి చెప్తానన్నాను. చెప్తే అతనికి తప్పు కింద జరిమానా వేస్తారు, మళ్ళీ రాడు అంది నాయనమ్మ. మనం చూశామని తెలిసినా రాడట. ఆ సాయంత్రం కుండలో ఇంకాసిని నిప్పులు వేసి, పక్కన ఎండు పుల్లలు పెట్టి, నన్ను గోడవైపు తిరిగి పడుకోమంది. ఆ పగలు తిరిగొచ్చిన నాన్న తెచ్చిన బిళ్ళలు కూడా ఆకులో చుట్టి ఆ పుల్లల మధ్యే పెట్టింది. తెల్లారేసరికి అవి లేవు.

ఆ జ్వరాల్లో ఊళ్ళో కొందరు పిల్లలు పోయారు. అక్క కొడుకు బతికాడు. బావ మాతో మాట్లాడలేదు, మా ఇల్లు మాత్రం కాలలేదు. వెలిని ఎవరూ ఎత్తేయలేదు.

కొన్నాళ్ళకి నాయనమ్మ పోయింది. గొయ్యి తవ్వడానికి పక్క ఊరి ప్రార్థనవాళ్ళు వచ్చారు గానీ మా ఊరి నుంచి ఒక్కరూ రాలేదు. ఏడుపుల్లో ఎవరికీ పట్టక మా పొయ్యి మొదటిసారి ఆరిపోయింది. మర్నాడు మంచులో, తెల్లవారే వేళ, వసారా దగ్గర అడుగుల చప్పుడు వినపడింది. తడక సందు నా కంటికి ఎదురుగానే ఉంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. లేచి చూస్తే ఆ మూతి విరిగిన కుండలో నిప్పులున్నాయి, పైన బూడిద అచ్చం నాయనమ్మ కప్పినట్టే కప్పి ఉంది. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు నేనుండేది కొండ దిగువన, గ్యాస్ పొయ్యి మీద వంట. మనుషుల్ని కాదనడం ఇక్కడా ఉంది. కులం అడిగి ఇల్లు అద్దెకివ్వనివాళ్ళున్నారు, చర్చిలో పక్కన కూర్చుని బయట పలకరించనివాళ్ళున్నారు. నొప్పి పోలేదు, ఆ తడక చప్పుడు నాకింకా వినిపిస్తుంది. కానీ అలాంటివాళ్ళు ఏదో అవసరం పడి నా గుమ్మంలోకి వస్తే, ఏమీ అడగకుండా కూర్చోమని చెప్పి, వాళ్ళకి వీపు తిప్పి, టీ పెడుతూ నిలబడతాను. వాళ్ళ ముఖం సర్దుకునేదాకా వెనక్కి తిరగను.