నురుగు ఆగిన వారం

ఉప్పుగూడలో మా అత్తగారింటి ముందుగదిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలన్నది నా కోరికే. బ్యాంకు ఉద్యోగంలో రోజంతా మనుషుల మాటలు వినివిని, ఇంటికొచ్చాక మాట్లాడని ప్రాణులను చూడాలనిపించేది. రెండు నారింజరంగు చేపలు, ఒక పసుపు చేప, రాళ్ళకు అతుక్కుని గుండీలంత పూలలా విచ్చుకునే పగడాలు. మా ఆయన, మామయ్య పొద్దున్నే పాతబస్తీలోనే ఉన్న మా మిఠాయి దుకాణానికి వెళ్ళిపోయేవారు. నేనూ బ్యాంకుకు వెళ్ళాక ఇంట్లో మిగిలేది అత్తమ్మా, చేపలూ.

మొదట్లో అత్తమ్మకు తొట్టి మీద కోపం లేదుగానీ, దాని కింది అరలో ఉన్న సామాను మీద మాత్రం చాలా అనుమానం. తొట్టిలోంచి దిగే నీళ్ళు ముందు ఒక గుడ్డసంచిలో పడతాయి. చెత్తాచెదారం అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత నీళ్ళు స్కిమ్మర్ అనే గొట్టంలోకి పోతాయి. అందులో సన్నటి గాలిబుడగలు పాలనురుగులా పైకి లేస్తూ, నీళ్ళలో కరిగిపోయిన మురికిని అంటించుకొచ్చి పైనున్న గిన్నెలో వదిలేస్తాయి. ఆ గిన్నెను కడుగుతుంటే వచ్చే వాసనకు అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

"గింత తెల్లటి నీళ్ళల్ల గంత నల్లటిది యాడికెల్లి వస్తున్నదే?" అని అడిగింది ఒకరోజు.

చెప్పాను. ఆమె వంగి నురుగును దగ్గరగా చూసింది.

"అంటే పాకం తీరు. చక్కెర పాకం మరుగుతుంటే జరన్ని పాలు పోస్తం. మురికంతా తెట్టెకట్టి పైకొస్తది. గంటెతోని తీసి పారేస్తం. గదే కదా?"

అచ్చం అదే అత్తమ్మా అన్నాను. ఆ రోజునుంచి ఇంటికెవరొచ్చినా "మా కోడలు సముద్రపు పాకం పడుతున్నది" అని చెప్పి నవ్వేది.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం వచ్చి చూస్తే స్కిమ్మర్‌లో నురుగు లేదు. బుడగలు పైకొచ్చినట్టే వచ్చి పగిలిపోతున్నాయి. మోటారు విప్పి కడిగాను. లాభం లేదు. మర్నాటికి నీళ్ళమీద సన్నటి జిడ్డుపొర తేలింది. ఆ వారమంతా పగడాలు ముడుచుకునే ఉన్నాయి. నాకు అన్నం సయించలేదు. చేపలమ్మే దుకాణంలోని భాయ్‌కి ఫోన్ చేశాను.

"పానీల తేల్ గిట్ల పడ్డదా బాజీ? నూనె పడితే నురుగు నిలవది."

"నూనె ఎందుకు పడుతుంది భాయ్?" అన్నాను.

ఆదివారం గుడ్డసంచి తీసి నల్లా కింద తిరగేశాను. మడతల్లోంచి ఉబ్బిన అన్నం మెతుకులు, పసుపు మరక, రెండు ఆవగింజలు, ఒక కరివేపాకు ముక్క బయటపడ్డాయి. పులిహోర! మా ఆయన నా భుజం మీదుగా చూసి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నేనే ఏసిన" అంది.

"ఎందుకేశారు అత్తమ్మా? చచ్చిపోతాయి కదా!"

"నాకేం ఎరుక? పొద్దుగాల మీరంతా పోయినంక నేను గీడనే కూసోని తింట. అద్దం కాడికి వచ్చి నా దిక్కే చూస్తుంటయి. కండ్లు గూడ మూయవు. గట్ల చూస్తుంటే నాకు ముద్ద దిగుతదా? జరంత ఏసిన."

నా కోపం అక్కడే ఆగిపోయింది. నేను లేనప్పుడు నా చేపలతో కలిసి భోంచేసే మనిషి ఈ ఇంట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నీళ్ళు కొంత మార్చాను. గుడ్డసంచిని మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను. సబ్బు తగలకూడదంటే అత్తమ్మ కొత్త గిన్నె తీసిచ్చింది. కొన్నాళ్ళకు గొట్టంలో నురుగు మళ్ళీ గట్టిపడి పైకి పాకింది. అత్తమ్మే ముందు చూసి కేకేసింది: "ఏయ్, తెట్టె వచ్చింది, రా!"

మా ఇంట్లో మాంసం ముట్టరు. రొయ్యలతో చేసిన చేపల మేతను ఆమె చేత వేయించలేను. అందుకని ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు తెచ్చాను.

"గిది నీసు కాదు కదా?"

"సముద్రంలో పెరిగే ఆకుకూర అత్తమ్మా."

ఇప్పుడు పొద్దున ఆమె ఫలహారం పెట్టుకునే ముందు చిన్న రేకును క్లిప్పుకు పెట్టి నీళ్ళలోకి దించుతుంది. పసుపు చేప దాన్ని చించుకుని తింటుంటే, ఎదురుగా కుర్చీలో ఆమె ఉప్మా తింటుంది. గుడ్డసంచి ఉతకడం కూడా తానే తీసుకుంది. నేను ఉతికితే మడతల్లో మురికి వదలదట.

ఈమధ్య పగడాలు రాయినిండా అల్లుకుపోతే, చిన్న రాతితో సహా ఒక ముక్క కోసి దుకాణం భాయ్‌కి ఇద్దామనుకున్నాను. అత్తమ్మ తానూ వస్తానంది. ఆటోలో ఆ ముక్క ఉన్న నీళ్ళసంచిని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. సందుల్లో గుంతలొచ్చినప్పుడల్లా ముందుకు వంగి చెబుతూనే ఉంది.

"అన్నా, జర మెల్లగ పోనియ్యి. పానమున్నది దీంట్ల."

ఆటో అతను అద్దంలోంచి సంచి వైపు చూశాడు. అందులో అతనికి చిన్న రాయి తప్ప ఏమీ కనిపించి ఉండదు. అయినా వేగం తగ్గించాడు.