బల్బు నాయనకు, బెల్లు అమ్మకు

మా నాయనకు చెవులు వినిపించవు. ఈ మాట ఆయన ముందు అనకూడదు. రాజపాళయం స్పిన్నింగ్ మిల్లుల హోరులో చెవులు పోగొట్టుకున్న వాళ్లు మా వీధిలో చాలామందే ఉన్నారు. వాళ్లంతా ఎప్పుడో ఒప్పేసుకున్నారు. నాయన మాత్రం లోకమే గొంతు తగ్గించి మాట్లాడుతోందని నమ్ముతాడు.

ఇంటి వరకూ అయితే సర్దుకుపోయేవాళ్లం. కానీ చిన్నాయన తన కూతురి పెళ్లి నిశ్చయానికి పిలవడానికి మంసాపురం నుంచి బస్సెక్కి వచ్చాడు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. శుభకార్యానికి పిలవడానికి వచ్చిన మనిషి కాలింగ్ బెల్లు నొక్కడు, అది కొరియర్ వాళ్ల పని. తాంబూలం తట్టతో గేటు దగ్గర నిలబడి పిలుస్తాడు. ఇంట్లోంచి "రాండి" అన్న మాట వస్తేనే అడుగు లోపల పెడతాడు. చిన్నాయన పిలిచాడట. నాయన వరండాలో పేపరు చదువుతూనే కూర్చున్నాడట. అంతే, చిన్నాయన తట్టతో సహా తిరిగి బస్సెక్కి, అన్న తనను చూసి కూడా లేవలేదని కనిపించిన వాళ్లకల్లా చెప్పుకున్నాడు. నిశ్చయం మేము లేకుండానే జరిగిపోయింది.

"నేను వంటింట్లో నుంచి రాండి అని పలికినాను," అని అమ్మ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు పెళ్లి. పిలుపు చేతికి అందకపోతే నాయన పోడు. ఆయన పోకపోతే ఇక అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పత్రిక ఇవ్వడానికి చిన్నాయన వస్తాడని మేనత్త చెప్పింది, ఏ రోజో చెప్పలేదు. బ్యాంకుకు సెలవు పెట్టి నేను గేటు దగ్గర కాపలా కూర్చోలేను. మా రాజపాళయం పేరుతో పేరుమోసిన కుక్కజాతే ఉంది కదా, ఒకదాన్ని పెంచుదామంటే నాయనకు తుమ్ములు.

అందుకని కదలికను పసిగట్టే సెన్సారు ఒకటి కొన్నాను. గేటు దగ్గర మనిషి కదిలితే నాయన కుర్చీ ఎదుట ఎర్ర బల్బు వెలగాలి, వెనక వంటింట్లో అమ్మకు బెల్లు మోగాలి.

"రెండేంటికి?" అన్నాడు నాయన. "బెల్లు ఒకటి సాలు. నాకు బాగా ఇనపడతాది."

"బల్బు అంగడోడు ఊరికే ఇచ్చినాడు నాయనా! పారేయలేం కదా!" అని వీధి చివరికి వినిపించేలా అరిచాను.

"సెరి సెరి, ఏంటికి అరస్తావు?" అన్నాడు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. బ్యాంకులో కూర్చుంటే అది ఎంత బాగా మరచిపోవచ్చో ఆ రోజే తెలిసింది. మెయిన్ ఆపి, సెన్సారు నుంచి వచ్చే తీగను బల్బుకు కలిపి, బల్బు నుంచి బెల్లుకు, బెల్లు నుంచి న్యూట్రల్‌కు లాగాను. వైరు మిగిలిందని మురిసిపోయాను కూడా. తీరా గేటు దగ్గర చెయ్యి ఊపితే బల్బు నిద్రమొహంతో కాస్త ఎర్రబడింది, బెల్లు కడుపునొప్పి వచ్చినట్టు మూలిగింది. ఒకదాని వెనక ఒకటి కడితే వచ్చే వోల్టేజీని రెండూ పంచుకుంటాయని బడిలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. అంతా విప్పి, సెన్సారు తీగ నుంచి బల్బుకొక పాయ, బెల్లుకొక పాయ తీసి, రెండింటినీ విడివిడిగా న్యూట్రల్‌కు కలిపాను. ఈసారి మోగిన మోతకు అమ్మ చేతిలో గరిటె జారి పడింది.

అక్కడితో అయిపోలేదు. బనీనుతో ఎవరి ఎదుటా నిలబడటం నాయనకు అలవాటు లేదు. బల్బు వెలగగానే లేచి, చొక్కా తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, తువ్వాలు సర్దుకుని గేటుకు పోతాడు. అక్కడ మేక ఉంటుంది. లేదంటే తళవాయిపురం బస్సు తప్పిపోయి షేర్ ఆటో కోసం నిలబడ్డ మనిషి ఉంటాడు. "రాండి, లోపలికి రాండి," అంటాడు నాయన ఎవరైనా సరే. ఒకాయన నిజంగానే వచ్చి కాఫీ తాగి పోయాడు. ఎవరని అమ్మ అడిగితే, "తెలీదు, మంచోడు," అన్నాడు. నేను సెన్సారు మూతికి సగం దాకా నల్ల టేపు అంటించి వీధిని దాని చూపు నుంచి తప్పించాను.

ఆ తరువాతి ఆదివారం పొద్దున నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే బెల్లు మోగింది. వంగి చూస్తే గేటు దగ్గర చిన్నాయన. తెల్ల పంచె, చేతిలో తట్ట. "అన్నా!" అని పిలిచాడు.

"రారా, లోపలికి రా!" కిటికీలోంచి తమ్ముణ్ణి చూసి, లోపల చొక్కా తొడుక్కుంటూనే నాయన అరిచాడు. "రాప్పా!" అని వంటింట్లోంచి అమ్మ అంది. రెండూ మిద్దె మీదికి కూడా స్పష్టంగా వినిపించాయి. చిన్నాయన కాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత వెనుదిరిగి నడవసాగాడు.

నాయన గేటు దాకా వచ్చేసరికి తమ్ముడి వీపు కనిపించింది. "రేయ్!" అన్నాడు. తమ్ముడు ఆగలేదు. "పిలస్తానే ఉండా, పోతా ఉండాడు సూడు," అన్నాడు నాయన.

మెట్లు దిగి పరుగెత్తి చిన్నాయన భుజం పట్టుకున్నాను. ఉలిక్కిపడ్డాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఎవరూ పలకలేదు గదమ్మా. ఆ దినమూ పలకలేదు, ఈ దినమూ పలకలేదు."

"ఇద్దరూ పలికినారు చిన్నాయనా. మిద్దె మీదికి ఇనపడింది."

"ఏమి?" అంటూ చెవి వెనక చెయ్యి పెట్టాడు. నా వెనకే వచ్చిన నాయన అది చూశాడు. చిన్నాయన గబుక్కున ఆ చెయ్యి దించేసి, తట్టలో పూలు సర్దుతున్నట్టు నటించాడు. అన్నదమ్ములిద్దరూ పనిచేసింది ఒకే మిల్లులో, ఒకే షెడ్డులో. ఇన్నాళ్లూ ఇది మాకెవరికీ తట్టలేదు.

నాయన తమ్ముడి ఎదుటికి వచ్చాడు.

"నాకు సెవులు ఇనపడవురా," అన్నాడు.

"ఏమి?"

"నాకు ఇనపడదు!"

ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. పాలాయన సైకిలు ఆపాడు. నాయన వాళ్లెవరినీ చూడలేదు. తమ్ముడి చెవి దగ్గర నోరు పెట్టి, మా దగ్గర ఏనాడూ ఒప్పుకోని ఆ మాటను, అతనికి వినిపించేదాకా చెబుతూనే ఉన్నాడు.