సగం చెంబు నీళ్లు

రాజధాని కర్నూల్లో ఉన్న రోజుల్లో, గుమాస్తాగిరీ పని మీద తెరచాప పడవలో కృష్ణ దాటుతున్నాను. పక్కన కోసిగి అనే మెట్ట ఊరి రైతు ఒకాయన, తలకు మూడింతల తలపాగాతో.

“ఇంత గుడ్డెందుకు తాతా?” అని నవ్వాను.

“మా బాయిలు శానా లోతప్పా. బాటలో దప్పికైతే చెంబుకు కట్టి తోడుకుంటాం. నీది యా ఊరు?”

“గోదావరి ఒడ్డు” అన్నాను గొప్పగా. అంతలో గాలి మళ్లి, తెరచాప వాసం వీపున తగిలి నీళ్లలో పడ్డాను. నిజానికి గోదావరిలో నాకు తెలిసింది ఆ ఒడ్డే. ఈత రాదు.

కిందంతా పచ్చటి నిశ్శబ్దం. మునుగుతున్నానో, కల గంటున్నానో తెలియలేదు. పైనుంచి తెల్లటి పాగా మబ్బులా విచ్చుకుంటూ వచ్చింది. చివర ఇత్తడి చెంబు. పట్టుకున్నాను. ఆయన బావిలో చేదినట్టే, తొణక్కుండా పైకి లాగాడు.

“బరువుండావప్పా! ఇన్నేండ్లూ నీళ్లు తోడినా. నీళ్లలోంచి మనిషిని తోడేది ఇదే మొదులు.”

వణుకుతూ దణ్ణం పెట్టబోయాను. ఆయన చెంబులోకి చూస్తున్నాడు. అందులో సగం నీళ్లున్నాయి. చుట్టూ అంత నది ఉండగా, ఆ సగం చెంబూ నాకందించాడు.

“తాగు. తోడిన నీళ్లు పారబోయగూడదు.”

అప్పటికే కడుపు నిండా కృష్ణ. అయినా చుక్క మిగల్చకుండా తాగాను.