బుధవారం భోజనానికి తనిఖీ

హాంబుర్గులో బయట తినాలంటే మధ్యాహ్నం పన్నెండుకే వెళ్ళాలి. రెండున్నర దాటితే చాలా చోట్ల వంటగది మూసేస్తారు. తలుపు తెరిచే ఉంటుంది, కాఫీ మాత్రం ఇస్తారు. కొడుకు దగ్గరికి వచ్చిన మొదటి నెలలోనే ఈ సంగతి తెలుసుకున్నాను. ఇప్పటికి మూడేళ్ళుగా ప్రతి బుధవారం ఒక్కదాన్నే రేవు వైపు వెళ్ళి ఏదో ఒక చోట తిని వస్తున్నాను. ముప్పై ఒక్క చోట్ల తిన్నాను. వాటిలో తొమ్మిదింటికి రెండోసారి వెళ్ళవచ్చు.

జనవరిలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాక మా అబ్బాయి ఈ బుధవారాలు మాన్పించాలనుకున్నాడు. విరిగింది మన ఇంటి మెట్ల దగ్గర, అదీ మంగళవారం, అని చెప్పాను. వినలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది. కోడలు ఒకసారి నాతో వచ్చి, నేను ఒంటరిగా నెగ్గుకురాగలనో లేదో చూసి చెబుతుంది. ఆమె మాటే ఖాయం. ఆమె ఆఫీసు రేవు పక్కనే. నేను ముందు వెళ్ళి బల్ల పట్టుకోవాలి, ఆమె లంచ్ బ్రేక్‌లో వస్తుంది.

అది మార్చి రెండో బుధవారం. చేపల హోటల్ కిక్కిరిసి ఉంది. కిటికీ పక్క బల్ల ఖాళీ కాగానే దాని మీద చేతిరుమాలు వేసి, ఆ రోజు ఏ చేప తాజాగా ఉందో చూడటానికి గాజు పెట్టె దగ్గరికి వెళ్ళాను. కాకినాడ బస్టాండులో ఏళ్ళ తరబడి కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టినదాన్ని. ఒక్కసారి కూడా ఎవరూ ప్రశ్నించలేదు.

తిరిగి వచ్చేసరికి ఆ బల్ల దగ్గర నా వయసు దంపతులు కూర్చుని కోట్లు విప్పుతున్నారు. రుమాలు లేదు. వడ్డించే అతను దాన్ని ఎవరో తుడుచుకుని పడేసిన గుడ్డ అనుకుని మాసిన గుడ్డల బుట్టలో వేశాడట. ‘రిజర్వియర్ట్’ అని రాసిన పలక ఉంటేనే బల్ల ఎవరికైనా కేటాయించినట్టు అంటూ, పక్క బల్ల మీది పలక చూపించాడు. నాకు వచ్చినంత జర్మన్‌లో చెప్పాను. మిగిలింది తెలుగులో చెప్పాను.

సరిగ్గా అప్పుడే కోడలు వచ్చింది.

“అత్తమ్మా, గిట్ల నిలవడ్డరేంది? టేబుల్ దొర్కలేదా?”

“దొరికింది. పోయింది.”

“ఎట్ల పోయింది?”

“రుమాలు వేశాను.”

“ఇదేమన్న జూబ్లీ బస్టాండా అత్తమ్మా?” అంటూనే, మూల బల్ల దగ్గర ఇద్దరు లేవడం చూసి, మెడలోని స్కార్ఫు తీసి నిలబడ్డ చోటి నుంచే విసిరింది. అది ఉప్పు డబ్బా పక్కన పడింది. వడ్డించే అతను అటు అడుగు వేశాడు. కోడలు అతనికంటే ముందు చేరి కూర్చుంది. కూర్చున్న మనిషిని బుట్టలో వెయ్యలేరు.

నేను ఎంచిన చేపనే ఇద్దరం వేయించి తెప్పించుకున్నాం. సగం తిన్నాక మా అబ్బాయి ఆమెకు ఫోన్ చేశాడు.

“ఎట్లుందంటే ఏం చెప్పాలె? నీకంటే మంచిగ తింటున్నది. లే, ఏం ఇబ్బంది కాలే.”

“అయింది. బల్ల పోయింది,” అన్నాను, అతనికి వినిపించేలా.

కోడలు ఫోన్‌ను చేత్తో మూసింది. “జర ఊకోండ్రి అత్తమ్మా, మీ దిక్కే మాట్లాడుతున్న.” మళ్ళీ ఫోన్‌లోకి, “ఒక్కతే పోవద్దంటే ప్రతి బుధవారం నువ్వు లీవ్ పెట్టి తోల్కపో. మీటింగా? అయితే ఇంక నువ్వు మాట్లాడకు,” అని పెట్టేసింది.

ఆ విధంగా నా బుధవారాలు నాకు మిగిలాయి. ఆమె ముళ్ళు పళ్ళెం అంచున పేర్చుతూ, “గింత మంచి చేప ఇంకెక్కడ దొర్కుతది? మా ఆఫీసోళ్ళందర్ని తీస్కపోతా,” అంది.

రెండు చోట్లు చెప్పాను. ఒకటి పడవల దగ్గర నిలబడి తినే కొట్టు, రెండోది పాత గోదాముల వెనక సూప్ ఇచ్చే చోటు. అన్నిటికంటే మంచిది మూడోది. అది చెప్పలేదు. అక్కడ ఉన్నవి నాలుగే బల్లలు.